ఈఎల్3లో ఎస్‌వీఈ, రాస్ రెండూ ఆన్ చేశాక బోర్డు ఆగిపోతుంటే ఎక్కడ చూడాలి

మీరు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. కార్టెక్స్-ఏ72 బోర్డు కోసం ఎప్పుడో చేసిన ట్రస్టెడ్ ఫర్మ్‌వేర్-ఏ (కెర్నల్ కంటే ముందు నడిచే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్, కింద ట్రీ అన్నది దీని సోర్సునే) పోర్ట్ మీ దగ్గర ఉంది. దాన్నే ఇప్పుడు నియోవర్స్ వీ1 కోర్లున్న కొత్త బోర్డుకి తెస్తున్నారు. లినక్స్‌కి ఎస్‌వీఈ వెక్టర్ యూనిట్ అందాలి. మెమరీలో ఈసీసీ ఎర్రర్లు (మెమరీ తనే కనిపెట్టే బిట్ తప్పులు) వస్తే ఫర్మ్‌వేర్ పట్టుకుని కెర్నల్‌కి చెప్పాలి, రాస్ ఎక్స్‌టెన్షన్ అందుకే. రెండూ ఒకేసారి ఆన్ చేసి బిల్డ్ చేశారు. కొత్త బోర్డులో కెర్నల్ కాసేపు ప్రింట్ చేసి, సెకండరీ సీపీయూలను లేపుతున్నానన్న లైన్ దగ్గర బీఎల్31 (ఈఎల్3లో, అంటే ఆర్మ్ కోర్‌లో అన్నిటికంటే ఎక్కువ అధికారమున్న లెవెల్‌లో, నడిచే ఫర్మ్‌వేర్ భాగం) క్రాష్ డంప్ ఇస్తోంది. అదే ఇమేజ్ పాత బోర్డులో వేస్తే ఒక్క అక్షరం కూడా రావట్లేదు. ఎర్రర్లు ఫర్మ్‌వేర్ చూసుకోవాలా, కెర్నల్‌కే వదిలేయాలా అన్నది మీ రెండో ప్రశ్న.

ముందు ఒక మాట. రెండూ ఒకే బిల్డ్‌లో తేవద్దు. ఎస్‌వీఈ పూర్తిగా తేలిన తర్వాతే రాస్ ముట్టుకోండి. రెండిట్లో ఏది తప్పినా చివరికి కనిపించేది ఈఎల్3 క్రాషే కాబట్టి విడదీసి చూడటం కష్టమవుతుంది. అంతకంటే పెద్ద కారణం ఇంకోటుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి పాడుచేసే చోటు ఒకటుంది, దాని గురించి చివర్లో వివరంగా రాస్తాను.

క్రాష్ డంప్‌లో మూడే మూడు రిజిస్టర్లు ముందు చూడండి: ఈఎస్‌ఆర్_ఈఎల్3 (ఎక్సెప్షన్ ఎందుకొచ్చింది), ఎస్‌పీఎస్‌ఆర్_ఈఎల్3 (ఏ స్థితి నుంచి వచ్చింది), ఈఎల్‌ఆర్_ఈఎల్3 (ఏ అడ్రస్ దగ్గర). ఈఎస్‌ఆర్‌లో 31 నుంచి 26 వరకు ఉన్న ఆరు బిట్లు ఎక్సెప్షన్ రకం చెప్తాయి. అక్కడ 25 ఉంటే ఎస్‌వీఈ ట్రాప్, అంటే అనుమతి లేని పనిని పై లెవెల్ ఆపింది. 24 ఉంటే వేరే సిస్టమ్ రిజిస్టర్ ట్రాప్. 47 ఉంటే ఎస్-ఎర్రర్ (మెమరీ, బస్ పక్క నుంచి ఆలస్యంగా వచ్చే ఎర్రర్). 0 ఉంటే ఆ కోర్‌కి తెలియని ఇన్‌స్ట్రక్షనో రిజిస్టరో. ఉదాహరణకి ఈఎస్‌ఆర్ హెక్స్‌లో 66000000 అని ఉందనుకోండి. పై ఆరు బిట్లు 25, పక్కనున్న 25వ బిట్ ఇన్‌స్ట్రక్షన్ పొడవు 32 బిట్లని చెప్పేది, మిగతా అంతా సున్నా. అంటే ఎవరో ఎస్‌వీఈని తాకబోయారు, మీ ఈఎల్3 అడ్డుపడింది. మీ పోస్ట్‌లో డంప్ సగమే ఉంది కానీ, ఇదే ఉంటుందని నా అంచనా.

తాకబోయింది ఎవరో ఎస్‌పీఎస్‌ఆర్ చెప్తుంది. చివరి హెక్స్ అంకె చాలు. 9 అయితే ఈఎల్2 (హైపర్‌వైజర్ లెవెల్) నుంచి, 5 అయితే ఈఎల్1 (కెర్నల్ లెవెల్) నుంచి, డీ అయితే సాక్షాత్తూ ఈఎల్3 నుంచే. 3సీ9 అని కనిపిస్తే ఇంటరప్టులన్నీ మాస్క్ చేసుకుని ఈఎల్2లో ఉన్న కోడ్ అన్నమాట. లినక్స్ ఒక కోర్ మీద మొదటి అడుగులు వేసే స్థితి అదే.

ఇప్పుడు మీ లక్షణానికి వద్దాం. బూట్ కోర్ మీద లినక్స్ ఎస్‌వీఈ రిజిస్టర్లని సెటప్ చేసేది మొదటి లైన్ ప్రింట్ కావడానికి చాలా ముందే. అక్కడ ట్రాప్ అయి ఉంటే మీకు కెర్నల్ నుంచి ఒక్క లైన్ కూడా వచ్చేది కాదు. మీకు లైన్లు వచ్చాయి. సెకండరీ కోర్లు లేచేటప్పుడే పోయింది. అంటే మొదటి కోర్‌కి గేటు తెరిచారు, మిగతా కోర్లకి తెరవలేదు. ఎస్‌వీఈ ఆన్ చేసే నాలుగు లైన్లు ప్లాట్‌ఫామ్ సెటప్ ఫంక్షన్‌లో పెట్టానని మీరే రాశారు. ఆ ఫంక్షన్ కోల్డ్ బూట్‌లో ప్రైమరీ కోర్ మీద ఒక్కసారే నడుస్తుంది. సెకండరీ కోర్లు పీఎస్‌సీఐ (కోర్లని ఆన్, ఆఫ్ చేయమని కెర్నల్ ఫర్మ్‌వేర్‌ని అడిగే పద్ధతి) సీపీయూ-ఆన్ ద్వారా వార్మ్ బూట్ దారిలో వస్తాయి, ఆ ఫంక్షన్ గడప తొక్కవు. పవర్ డౌన్ అయ్యే సస్పెండ్ నుంచి లేచే కోర్ కూడా ఆ దారిలోనే వస్తుంది. మీరు సెకండరీ కోర్లకి ఏదో అతుకు వేసి సరిచేసినా, రేపు ఐడిల్‌లో పవర్ డౌన్ ఆన్ చేసిన రోజు ఇదే క్రాష్ మళ్ళీ పలకరిస్తుంది.

అందుకే ఆ లైన్లు అక్కణ్ణుంచి తీసేయండి. చేత్తో రిజిస్టర్లు రాయడం మానేసి ట్రీలోనే ఉన్న ఎనేబుల్_ఎస్‌వీఈ_ఫర్_ఎన్‌ఎస్ ఆప్షన్ వాడండి. ఇది స్టైల్ గొడవ కాదు. కొత్త ట్రీలో సీపీటీఆర్_ఈఎల్3 విలువ ఒక్కో వరల్డ్‌కి (సెక్యూర్, నాన్-సెక్యూర్) ఒక కాంటెక్స్ట్‌లో ఉంటుంది. ఈఎల్3 నుంచి కిందికి దిగే ప్రతిసారీ అక్కణ్ణుంచే రిజిస్టర్లోకి వస్తుంది. మీరు చేత్తో రాసింది ఆ దిగే క్షణంలో చెరిగిపోతుంది.

అసలు ఎస్‌వీఈకి ఈఎల్3 చేయాల్సిన పని చిన్నదే. సీపీటీఆర్_ఈఎల్3లో 8వ బిట్ ఈజెడ్ 1 కావాలి, 10వ బిట్ టీఎఫ్‌పీ 0 కావాలి. జెడ్‌సీఆర్_ఈఎల్3 కింది నాలుగు బిట్లలో వెక్టర్ పొడవు పరిమితి పెట్టాలి. అక్కడున్న సంఖ్యకి 1 కలిపి 128తో గుణిస్తే బిట్లలో పొడవు వస్తుంది. వీ1లో హార్డ్‌వేర్ 256 బిట్లే ఇస్తుంది కాబట్టి అక్కడ 15 పెట్టినా నష్టం లేదు, కోర్ తనకున్నంతే ఇస్తుంది. కానీ అన్ని కోర్లలో ఒకే విలువ ఉండాలని లినక్స్ షరతు. ఒక కోర్‌లో 1, ఇంకో కోర్‌లో 0 పెడితే టాస్క్ ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి మారినప్పుడు కథ ఎక్కడికి పోతుందో ఊహించుకోండి.

ఈ రెండు రాతల మధ్య క్రమం ఉంది, చాలామంది ఇక్కడ జారతారు. ఈజెడ్ 0గా ఉండగా జెడ్‌సీఆర్_ఈఎల్3ని ఈఎల్3 నుంచి ముట్టుకున్నా ట్రాప్ అవుతుంది, అదీ ఈఎల్3కే. కాబట్టి ముందు ఈజెడ్, తర్వాత ఐఎస్‌బీ (ముందు రాత అమల్లోకి వచ్చాకే ముందుకు పోనిచ్చే ఇన్‌స్ట్రక్షన్), ఆ తర్వాతే జెడ్‌సీఆర్. ఐఎస్‌బీ మర్చిపోతే కొన్నిసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు చేయదు, అందుకే అది ఇంకా ప్రమాదం. ఎస్‌పీఎస్‌ఆర్ చివర డీ, ఈఎస్‌ఆర్ రకం 25 కలిసి కనిపిస్తే ఇదే అనుకోండి.

పాత బోర్డులో మౌనానికి కారణం ఇంకోటి. ఏ72 ఆర్మ్‌వీ8.0 కోర్, దానికి ఎస్‌వీఈ లేదు, రాస్ ఎక్స్‌టెన్షనూ లేదు. ఫీచర్ ఆప్షన్లకి ట్రీలో మూడు విలువలుంటాయి. 0 అంటే వద్దు. 1 అంటే కచ్చితంగా ఉంది, అడగకుండా వాడెయ్. 2 అంటే నడిచేటప్పుడు ఐడీ రిజిస్టర్ (కోర్‌లో ఏ ఫీచర్లున్నాయో చెప్పేది) చూసి ఉంటేనే వాడు. మీరు చేత్తో రాసిన లైన్లు కూడా 1 లాగే, అడగకుండా రాసేస్తాయి. ఏ72కి జెడ్‌సీఆర్_ఈఎల్3 అనే రిజిస్టరే తెలియదు కాబట్టి ఈఎల్3లోనే ఎక్సెప్షన్ రకం 0 వస్తుంది. డంప్ కూడా రాలేదంటే ప్లాట్‌ఫామ్ క్రాష్ కన్సోల్ ఫంక్షన్లు ఖాళీగా ఉన్నాయేమో చూడండి. మామూలు కన్సోల్ వేరు, క్రాష్ కన్సోల్ వేరు. ఇనిట్ ఫంక్షన్ సున్నా తిప్పి పంపితే డంప్ ప్రింట్ కాదు. ఈ పోర్టింగ్ పనిలో మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఆ మూడు చిన్న ఫంక్షన్లు రాయండి, తర్వాత వారాల తరబడి టెన్షన్ తప్పుతుంది.

రెండు బోర్డులకీ ఒకే ఇమేజ్ కావాలంటే 2 పెట్టండి. వీ1 ఒక్కదానికే అయితే 1 చాలు, కోడ్ కాస్త చిన్నదవుతుంది. ఐడీ_ఏఏ64పీఎఫ్‌ఆర్0_ఈఎల్1లో 35 నుంచి 32 వరకు ఎస్‌వీఈ, 31 నుంచి 28 వరకు రాస్. ఈ రెండు ఫీల్డులూ రెండు బోర్డుల మీదా ఒకసారి ప్రింట్ చేసి కళ్ళారా చూడండి.

ఎస్‌వీఈ ఒక్కటే కాదు. వీ8.0 నుంచి వీ8.4కి దూకారు కాబట్టి మధ్యలో వచ్చిన ఫీచర్లన్నిటికీ ఇదే లెక్క వర్తిస్తుంది. పాయింటర్ ఆథెంటికేషన్‌కి ఎస్‌సీఆర్_ఈఎల్3లో 16, 17 బిట్లు 1 కావాలి. యాక్టివిటీ మానిటర్లకి సీపీటీఆర్_ఈఎల్3లో 30వ బిట్ 0 కావాలి. తర్వాతి తరం కోర్లకి వెళ్తే ఫైన్-గ్రెయిన్డ్ ట్రాప్స్‌కి ఎస్‌సీఆర్‌లో 27వ బిట్. ఇవన్నీ లినక్స్ సోర్సులో ఆర్మ్64 బూటింగ్ డాక్యుమెంట్‌లో వరసగా ఉన్నాయి. ఫర్మ్‌వేర్‌కీ కెర్నల్‌కీ మధ్య ఒప్పంద పత్రం అదే. కెర్నల్ ఐడీ రిజిస్టర్ చూసి ఫీచర్ ఉందనుకుంటుంది, ఈఎల్3 దారి మూసి ఉంచిందని దానికి తెలిసే మార్గం లేదు. ఆ డాక్యుమెంట్ పక్కన పెట్టుకుని ఒక్కో లైన్ టిక్ కొట్టుకుంటూ పోండి. విసుగే, కానీ ఒక పూట పని.

ఇక రాస్. ఇక్కడ కోడ్ కంటే ముందు నిర్ణయం కావాలి.

ఎస్‌సీఆర్_ఈఎల్3లో 3వ బిట్ ఈఏ. అది 1 అయితే కింది లెవెళ్ళలో పుట్టిన ఎస్-ఎర్రర్లు, ఎక్స్‌టర్నల్ అబార్ట్‌లు అన్నీ ఈఎల్3కి వస్తాయి. దీన్నే ఫర్మ్‌వేర్-ఫస్ట్ అంటున్నారు. 0 అయితే అవి కెర్నల్‌కే పోతాయి, అది కెర్నల్-ఫస్ట్. ట్రీలో దీనికి హ్యాండిల్_ఈఏ_ఈఎల్3_ఫస్ట్_ఎన్‌ఎస్ అనే ఆప్షన్ ఉంది. రాస్ ఫీచర్ ఆన్ చేయడం వేరు, ఎర్రర్లని ఈఎల్3కి రప్పించడం వేరు. పాత ట్రీలో రెండూ కాస్త కలగాపులగంగా ఉండేవి, తర్వాత విడదీశారు. మీ పోర్ట్ పాతది కాబట్టి మేక్‌ఫైల్‌లో పాత పేర్లు మిగిలి ఉంటాయి, చూసుకోండి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మీది ఏసీపీఐ (హార్డ్‌వేర్ వివరాలు ఫర్మ్‌వేర్ టేబుళ్ళలో ఇచ్చే పద్ధతి) వాడే సర్వర్ బోర్డు, పక్కన బీఎంసీ (సర్వర్‌ని కనిపెట్టుకునే చిన్న కంట్రోలర్) ఉంది, ఏ డీఐఎంఎం (మెమరీ స్టిక్) పాడైందో ఆపరేటర్‌కి తెలియాలి అంటే ఫర్మ్‌వేర్-ఫస్ట్‌కి వెళ్ళండి. డివైస్ ట్రీతో నడిచే బాక్స్ అయితే కెర్నల్-ఫస్ట్ చాలు, మెమరీ కంట్రోలర్‌కి ఈడీఏసీ (మెమరీ ఎర్రర్లు రిపోర్ట్ చేసే లినక్స్ భాగం) డ్రైవర్ పెట్టుకోండి. సగం ఫర్మ్‌వేర్-ఫస్ట్ మాత్రం వద్దే వద్దు. అంటే ఈఏ బిట్ 1 చేసి, హ్యాండ్లర్‌లో పానిక్ అని ఒక్క లైన్ రాసి వదిలేయడం. ఉత్తరాలన్నీ నా దగ్గరికే రావాలని చెప్పి, వచ్చినవాటిని విప్పకుండా చింపేసినట్టు ఉంటుంది. కెర్నల్‌కే వదిలేస్తే కనీసం కొన్నిటిని అది తట్టుకునేది. సరిదిద్దిన ఎర్రర్, మళ్ళీ కొనసాగించగలిగే ఎర్రర్ అని ఎస్-ఎర్రర్ సిండ్రోమ్‌లో కనిపిస్తే లినక్స్ ఆగకుండా సాగిపోతుంది.

ఇంకో చిక్కుంది. ఒక యూజర్ ప్రోగ్రామ్ లేని డివైస్ అడ్రస్‌ని మ్యాప్ చేసుకుని చదివింది అనుకోండి. చాలా బోర్డుల్లో అది సింక్రనస్ ఎక్స్‌టర్నల్ అబార్ట్ అవుతుంది. కెర్నల్-ఫస్ట్‌లో ఆ ప్రోగ్రామ్‌కి సిగ్‌బస్ సిగ్నల్ వచ్చి అది చస్తుంది, మిగతా మెషీన్ బాగానే ఉంటుంది. సగం ఫర్మ్‌వేర్-ఫస్ట్‌లో మెషీన్ మొత్తం పోతుంది. ఈఏ బిట్ ఈసీసీ ఎర్రర్లని మాత్రమే ఏరి తీసుకురాదు, ఆ కోవలోవన్నీ లాక్కొస్తుంది.

ఎస్-ఎర్రర్ రాగానే ఈసీసీ అని నిర్ధారించుకోవద్దు కూడా. ఈఎస్‌ఆర్ బీఈ000011 అని వస్తే రకం 47, చివరి 11 ఎసింక్రనస్ అని చెప్తుంది, 12 నుంచి 10 వరకు బిట్లు తీవ్రత చెప్తాయి. ఇక్కడ అవి సున్నా, అంటే ఎంతవరకు పాకిందో చెప్పలేని ఎర్రర్. పీసీఐఈలో తప్పుడు అడ్రస్‌కి రాసినా ఇలాంటిదే రావచ్చు. బీఎఫ్‌తో మొదలైతే, ఉదాహరణకి బీఎఫ్000002, 24వ బిట్ సెట్ అయ్యిందని అర్థం. అప్పుడు కింది 24 బిట్లూ ఆ కోర్ తయారీదారు సొంత భాష. తీవ్రత బిట్లని అందులోంచి చదివితే చెత్త వస్తుంది. ఏ72 పోర్ట్‌లో మీకు అలవాటైంది ఈ రెండో రకమే.

ఏ72లో ఎల్1, ఎల్2 ఎర్రర్ల కోసం సీపీయూఎంఈఆర్‌ఆర్‌ఎస్‌ఆర్, ఎల్2ఎంఈఆర్‌ఆర్‌ఎస్‌ఆర్ అని ఆ కోర్‌కే ప్రత్యేకమైన రిజిస్టర్లుండేవి. వాటిని చదివే కోడ్ మీ పోర్ట్‌లో ఎక్కడైనా మిగిలి ఉంటే తీసేయండి. వీ1లో వాటి స్థానంలో ఆర్కిటెక్చర్ నిర్వచించిన ఎర్రర్ రికార్డులున్నాయి. ఎన్ని రికార్డులున్నాయో ఈఆర్‌ఆర్‌ఐడీఆర్ చెప్తుంది. ఈఆర్‌ఆర్‌ఎస్‌ఈఎల్‌ఆర్‌లో నంబర్ రాసి, ఐఎస్‌బీ వేసి, ఆ రికార్డు స్టేటస్ చదవాలి. మెమరీ కంట్రోలర్ రికార్డులు మామూలుగా మెమరీ-మ్యాప్డ్‌గా ఉంటాయి, వాటికి వేరే మాక్రో ఉంది.

స్టేటస్‌లో 30వ బిట్ ‘వీ’ సెట్ కాకపోతే మిగతావేవీ నమ్మొద్దు. 31వ బిట్ సెట్ అయితేనే అడ్రస్ రిజిస్టర్‌కి విలువ, 26వ బిట్ సెట్ అయితేనే మిస్క్ రిజిస్టర్లకి విలువ. చదివాక క్లియర్ చేయాలి కదా, ఈ బిట్లకి 1 రాస్తే క్లియర్ అవుతాయి. అక్కడ అన్నీ ఒకట్లు రాసి తుడిచేయకండి. మీరు చదివిన విలువనే తిరిగి రాయండి. చదవడానికీ రాయడానికీ మధ్య ఇంకో పెద్ద ఎర్రర్ వచ్చి ఉంటే అది తుడుచుకుపోకుండా మిగులుతుంది. రాశాక మళ్ళీ చదివి చూడండి, వీ ఇంకా సెట్ అయి ఉంటే లూప్‌లో ఇంకో చుట్టు వేయాలి. లూప్‌కి హద్దు పెట్టండి.

తీవ్రతని బట్టి ఏం చేయాలన్నది తేల్చుకోవాలి. డిఫర్డ్ అంటే డేటా పాడైంది కానీ పాయిజన్ గుర్తు వేసి పెట్టారు, ఇంకా ఎవరూ వాడలేదు. భయపడక్కర్లేదు, అడ్రస్ కెర్నల్‌కి చేరిస్తే అది ఆ పేజీని పక్కన పెడుతుంది. రికవరబుల్, రీస్టార్టబుల్ అయితే కూడా కెర్నల్‌కి చెప్పి తీర్పు దానికే వదలండి. అన్‌కంటైనబుల్ అయితే మాట్లాడటానికేమీ లేదు, దొరికినంత సమాచారం బీఎంసీకి పంపి రీసెట్ చేయండి. అన్‌కంటైనబుల్ ఎర్రర్ తర్వాత కెర్నల్‌ని నడవనిచ్చి, అది డిస్క్‌కి తప్పుడు డేటా రాస్తే రీసెట్ కంటే వందరెట్లు నష్టం.

అడ్రస్ విషయంలో మరో జాగ్రత్త. ఆ రిజిస్టర్ పై బిట్లు ఊరికే లేవు. 63వ బిట్ నాన్-సెక్యూర్ అడ్రసో కాదో చెప్తుంది. సెక్యూర్ మెమరీలో ఎర్రర్ వస్తే ఆ అడ్రస్‌ని లినక్స్ పేజీగా పంపకూడదు. 61వ బిట్ సెట్ అయితే అది సిస్టమ్ ఫిజికల్ అడ్రస్ కాకపోవచ్చు. మెమరీ కంట్రోలర్లు చాలావరకు తమ బ్యాంక్, రో లెక్కలోనో, ఇంటర్‌లీవింగ్ తర్వాతి అడ్రస్‌గానో ఇస్తాయి. దాన్ని వెనక్కి తిప్పి అసలు అడ్రస్ రాబట్టే లెక్క మీ ఎస్‌ఓసీ వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఈ లెక్క రాయకుండా పచ్చి విలువ పంపితే కెర్నల్ ఏ పాపమూ ఎరుగని పేజీని తీసేస్తుంది, పాడైన పేజీ హాయిగా వాడుకలో ఉంటుంది. ఈ పనికి ఎంత సమయం అడిగినా తక్కువే, మేనేజర్‌కి ముందే చెప్పి ఉంచండి.

సరిదిద్దిన ఎర్రర్లకి ఒక్కోదానికీ ఇంటరప్ట్ పెట్టొద్దు. ఒక డ్రామ్ సెల్ ఒక్కటి మొండికేసి, ఎవరో ఆ పేజీని లూప్‌లో చదువుతుంటే ఇంటరప్టులు ముసురుకుంటాయి. ప్రతిదానికీ కోర్ ఈఎల్3లోకి పోతుంది, ఆ సేపు కెర్నల్‌కి టైమర్ ఇంటరప్టులు కూడా అందవు. రికార్డులో కౌంటర్ ఉంటే దాన్ని వాడుకోండి. 8 బిట్ల ఫార్మాట్ అయితే లెక్కించేది ఏడు బిట్లు, ఎనిమిదోది ఓవర్‌ఫ్లో. పది ఎర్రర్లకి ఒక ఇంటరప్ట్ కావాలంటే కౌంటర్‌లో ముందే 118 వేసి పెట్టండి, పదోదానికి ఓవర్‌ఫ్లో అవుతుంది. హ్యాండ్లర్‌లో మళ్ళీ 118 వేయడం మర్చిపోవద్దు.

ట్రీలో రాస్ ఇంటరప్టుల పట్టిక ఇంటరప్ట్ నంబర్ల ఆరోహణ క్రమంలోనే ఉండాలి, లోపల బైనరీ సెర్చ్ చేస్తుంది. ప్రయారిటీలు కూడా ముందే రాసి పెట్టుకోండి. ఎఫ్‌వీపీ (ఆర్మ్ సిమ్యులేటర్) ప్లాట్‌ఫామ్‌లో రాస్‌కి హెక్స్ 10, ఎస్‌డీఈఐ (ఫర్మ్‌వేర్ కెర్నల్‌కి ఈవెంట్ పంపే పద్ధతి) క్రిటికల్‌కి 60, నార్మల్‌కి 70 ఉన్నాయి. జీఐసీ అనే ఇంటరప్ట్ కంట్రోలర్‌లో చిన్న నంబర్‌దే పైచేయి. ఆ వరసనే మీ బోర్డుకీ దించుకోండి, కొత్త ప్రయోగాలు అక్కర్లేదు.

కెర్నల్-ఫస్ట్ ఎంచుకున్నా ఈఎల్3కి కొంత పని మిగులుతుంది. కెర్నల్‌లో పుట్టిన ఎర్రర్ ఒకటి ఇంకా పెండింగ్‌లో ఉండగా ఎస్‌ఎంసీ కాల్ (కెర్నల్ ఈఎల్3ని పిలిచేది) వచ్చిందనుకోండి. ఈఎల్3లోకి వచ్చాక అది పేలితే నింద మీ ఫర్మ్‌వేర్ మీద పడుతుంది, ఫర్మ్‌వేర్ పానిక్ అవుతుంది. అందుకే ఈఎల్3 ప్రవేశంలోనే పెండింగ్ ఎర్రర్లని తేల్చుకుని, అవి కింది లెవెల్‌వి అయితే కిందికే తిప్పి పంపే కోడ్ కొత్త ట్రీలో ఉంది. మీ పాత పోర్ట్‌లో వెక్టర్ టేబుల్‌ని ఎవరైనా మార్చి ఉంటే ఈ భాగాన్ని కొత్త ట్రీ నుంచే తెచ్చుకోండి, సొంతంగా రాయకండి.

ఒక ఎర్రర్ హ్యాండ్లర్‌లో ఉండగా ఇంకోటి వస్తే దాన్ని సంభాళించే ప్రయత్నం చేయొద్దు. మొదటిదాని ఈఎస్‌ఆర్ దాచిపెట్టి, రెండూ ప్రింట్ చేసి, రీసెట్. ఆర్మ్‌వీ8.4లో డబుల్ ఫాల్ట్ కోసం ఎస్‌సీఆర్‌లో రెండు బిట్లు చేర్చింది ఈ అవసరం కోసమే.

ఇప్పుడు మొదట్లో చెప్పిన చోటుకి వద్దాం. ఫర్మ్‌వేర్-ఫస్ట్‌లో ఎర్రర్ ప్రయాణం ఇలా సాగుతుంది. యూజర్ ప్రోగ్రామ్ ఎస్‌వీఈ లూప్ నడుపుతోంది. ఎర్రర్ ఇంటరప్ట్ వచ్చి ఈఎల్3లోకి వెళ్ళింది. ఈఎల్3 రికార్డు చదివి, సీపీఈఆర్ రికార్డు (ఎర్రర్ వివరాలు ప్రామాణిక ఫార్మాట్‌లో) తయారుచేయమని సెక్యూర్ వరల్డ్‌లోని పార్టిషన్‌కి పని అప్పజెప్పింది. అది ఏసీపీఐ చెప్పిన మెమరీలో రికార్డు రాసింది. తర్వాత ఈఎల్3 ఎస్‌డీఈఐ ఈవెంట్‌తో కెర్నల్‌ని తట్టింది. కెర్నల్ పని ముగించుకుని యూజర్ ప్రోగ్రామ్‌కి తిరిగి వెళ్ళింది. అంతా సవ్యం అనిపిస్తుంది.

ఈ ప్రయాణంలో యూజర్ ప్రోగ్రామ్ జెడ్ రిజిస్టర్లు (ఎస్‌వీఈ వెక్టర్లు ఉండేవి) ఎవరు దాచారు? ఎవరూ దాచలేదు, అన్నీ సజీవంగా కోర్‌లోనే ఉన్నాయి. ఈఎల్3 కోడ్ వెక్టర్ రిజిస్టర్లు వాడకుండా కంపైలర్ ఫ్లాగ్‌తో కట్టేసి ఉంటుంది, దాంతో సమస్య లేదు. కానీ ఆ సెక్యూర్ పార్టిషన్ మామూలు సీ కోడ్. సెక్యూర్ వరల్డ్‌కి వెక్టర్ రిజిస్టర్లు తెరిచి ఉంటే, దాని మెమ్‌కాపీలో కంపైలర్ నియాన్ (128 బిట్ల వీ రిజిస్టర్లు వాడే వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లు) వాడిందంటే చాలు. వీ రిజిస్టర్లు జెడ్ రిజిస్టర్లలో కింది 128 బిట్లే. ఒక వీ రిజిస్టర్‌లో రాస్తే ఆ జెడ్ రిజిస్టర్ పై భాగం సున్నా అయిపోతుంది. సెక్యూర్ పక్క సాఫ్ట్‌వేర్ కింది 128 బిట్లు శ్రద్ధగా దాచి తిరిగి పెట్టినా, వీ1లో పై 128 బిట్లు పోయినట్టే. క్రాష్ రాదు, లాగ్ రాదు, ప్రోగ్రామ్ తప్పు జవాబు ఇస్తుంది. డేటా పాడవకుండా కాపలా కాయడానికి పెట్టిన దారే డేటాని పాడుచేస్తుంది, అదీ సరిదిద్దిన ఎర్రర్ వచ్చినప్పుడు, అంటే హార్డ్‌వేర్ ఏ నష్టమూ జరగకుండా చూసుకున్నప్పుడు.

దీనికి మందు రెండు రకాలు. ఆ పార్టిషన్‌ని కూడా వెక్టర్ రిజిస్టర్లు వాడని ఫ్లాగ్‌తో బిల్డ్ చేయించండి, నాకు ఇదే ఇష్టం. అది కుదరకపోతే వరల్డ్ మారేచోట పూర్తి ఎస్‌వీఈ స్థితి దాచాలి: 32 జెడ్ రిజిస్టర్లు, 16 ప్రెడికేట్లు (వెక్టర్‌లో ఏ భాగాలు పనిచేయాలో చెప్పే మాస్కులు), ఎఫ్‌ఎఫ్‌ఆర్ అనే ఇంకో మాస్క్ రిజిస్టర్. కేవలం ఎఫ్‌పీ రిజిస్టర్లు దాచే పాత ఆప్షన్‌తో సరిపెట్టుకోవద్దు. ఎస్‌ఎంసీ కాలింగ్ కన్వెన్షన్ 1.3లో ఫంక్షన్ ఐడీ 16వ బిట్‌తో, ఎస్‌వీఈ స్థితి దాచక్కర్లేదని పిలిచేవాళ్ళు చెప్పే వీలుంది. అది ఎస్‌ఎంసీలకి పనికొస్తుంది, ఎర్రర్ ఇంటరప్ట్‌కి కాదు. ఇంటరప్ట్ ఎవరినీ అడిగి రాదు కదా.

టెస్ట్ చేయడం తేలికే. యూజర్ ప్రోగ్రామ్ ఒకటి రాయండి, అన్ని జెడ్ రిజిస్టర్లలో, ప్రెడికేట్లలో తెలిసిన ప్యాటర్న్ నింపి, సిస్టమ్ కాల్ ఏదీ చేయకుండా లూప్‌లో పోల్చి చూస్తూ ఉండాలి. దాన్ని అన్ని కోర్ల మీద నడిపి, ఇంకో పక్క సరిదిద్దిన ఎర్రర్లు ఇంజెక్ట్ చేయండి. ఈ టెస్ట్‌ని 128 బిట్ల ఎస్‌వీఈ ఉన్న నియోవర్స్ ఎన్2 లాంటి కోర్ మీద చేసి పాసైందని సంబరపడొద్దు, అక్కడ పోవడానికి పై భాగమే లేదు. మీ వీ1 మీద చేయండి. బోర్డు ఖాళీ లేకపోతే ఎస్‌వీఈ వరకు క్యూఈఎంయూలో మ్యాక్స్ సీపీయూతో వెక్టర్ పొడవు పెంచి చూడొచ్చు, 2048 బిట్ల దాకా వెళ్తుంది.

ఇంజెక్షన్‌కి లినక్స్ నుంచి ఏపీఈఐ ఈఐఎన్‌జే (ఏసీపీఐలో ఎర్రర్లు పుట్టించే ఏర్పాటు) వాడొచ్చు, దానికి మీ ఫర్మ్‌వేర్ టేబుల్ ఇవ్వాలి. కోర్ లోపలి రికార్డులకి సూడో-ఫాల్ట్ రిజిస్టర్లుంటే కౌంట్‌డౌన్ పెట్టి ఎర్రర్ పుట్టించవచ్చు. వాటిని కింది లెవెళ్ళకి తెరిచేది ఎస్‌సీఆర్_ఈఎల్3లో 21వ బిట్ ఎఫ్‌ఐఈఎన్. డీబగ్ బిల్డ్‌లో తెరవండి, రిలీజ్ బిల్డ్‌లో మూసేయండి. తెరిచి వదిలేస్తే కెర్నల్ మీద పట్టు దొరికిన ఎవడైనా మీ ఫ్లీట్‌లో నకిలీ ఎర్రర్లు పుట్టించి మంచి డీఐఎంఎంలు పీకించగలడు.

ఇప్పటికి చేయాల్సింది: రాస్ ఆప్షన్లు రెండూ 0 చేయండి, ప్లాట్‌ఫామ్ సెటప్‌లోని ఎస్‌వీఈ లైన్లు తీసి ట్రీ ఆప్షన్ 2తో బిల్డ్ చేయండి, అన్ని కోర్లూ లేస్తాయో చూడండి. సీపీయూ హాట్‌ప్లగ్‌తో ప్రతి కోర్‌నీ కొన్నిసార్లు దించి లేపండి. మళ్ళీ క్రాష్ అయితే ఈఎస్‌ఆర్, ఎస్‌పీఎస్‌ఆర్, ఈఎల్‌ఆర్ మూడూ పూర్తిగా పెట్టండి, ఈఎల్‌ఆర్‌కి ఎదురుగా ఏ ఫంక్షన్ ఉందో సింబల్ టేబుల్‌లో చూసి అదీ రాయండి. సీపీఈఆర్ రాసేది ఏ సెక్యూర్ పార్టిషనో, దాని కంపైలర్ ఫ్లాగులేంటో కూడా కనుక్కుని ఉంచండి, రాస్ మొదలుపెట్టేటప్పుడు నేను మొదట అడిగేది అదే.